డిబేట్ టాపిక్ మార్చమన్నారు, మళ్ళీ "సోషల్ మీడియా వరమా శాపమా"నేనా?

నీలిసిరా
మా కాలేజీ లిటరరీ క్లబ్‌కి ఈ ఏడాది నేనే సెక్రటరీ. పేరు గొప్పే, పని మాత్రం ఫ్రెషర్స్ డేకి యాంకరింగ్, గెస్టుకి బొకే, మైకు పనిచేస్తోందో లేదో "హలో హలో" అని చూడ్డం. ఈసారైనా ఒక నిజం డిబేట్ పెడదామని "కాలేజీల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు మళ్ళీ పెట్టాలి" అని టాపిక్ రాసి పంపితే రెండు గంటల్లో వెనక్కొచ్చింది, పైన ఎర్ర పెన్నుతో "నో పాలిటిక్స్". కింద సలహా కూడా, "సోషల్ మీడియా వరమా శాపమా". ఇది నేను ఏడో తరగతిలో మాట్లాడా, టెన్త్‌లో మాట్లాడా, ఇంటర్‌లో జడ్జి పక్కన కూర్చుని గంట కూడా కొట్టా. అసలు ఈ లిటరరీ సొసైటీలు, డిబేట్ సొసైటీలు మొదట్లో ఎలా ఉండేవి? మొదట్నించీ ఇంతేనా, మాకే ఇలా తగలడిందా?

టీకొట్టు_తత్వవేత్త
మా టైములో "సైన్స్ వరమా శాపమా". మా అన్న టైములో "సినిమా". వరమూ శాపమూ పర్మనెంటు, ముందు మాటే ట్రాన్స్‌ఫర్ అవుతుంది.

గోదారిగట్టు
గెలిస్తే స్టీలు టిఫిన్ బాక్సు, ఓడితే సబ్బుపెట్టె. మా ఇంట్లో ఏడు సబ్బుపెట్టెలు ఉన్నాయి.

లెక్కలమాస్టారు
నీకే కాదు బాబూ, ఈ "నో పాలిటిక్స్" ఎర్ర పెన్నుకి రెండొందల ఏళ్ళు దాటాయి. నేను చెప్పేది లెక్కలే గానీ చరిత్ర పిచ్చి ఉంది కాబట్టి కాస్త ఓపిగ్గా చదువు.

డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో 1747లో ఎడ్మండ్ బర్క్ కుర్రాడుగా ఉన్నప్పుడు కొద్దిమంది దోస్తుల్ని పోగేసి ఒక క్లబ్బు పెట్టాడు, తర్వాత బ్రిటన్ పార్లమెంటులో వారెన్ హేస్టింగ్స్‌ని నిలదీసిన బర్క్ ఆయనే. ఆ క్లబ్బు మినిట్స్ పుస్తకం ఇప్పటికీ ఉంది, అందులో బర్క్ చేతిరాత కూడా ఉంది. ఆ వారసత్వం మాదేనని చెప్పుకునే హిస్టారికల్ సొసైటీ 1770లో మొదలైంది, దాన్ని అందరూ "హిస్ట్" అంటారు. అక్కడ పిల్లలు మాట్లాడి ఊరుకోలేదు, వుల్ఫ్ టోన్ లాంటి వాళ్ళు తయారయ్యారు, ఐర్లండ్ తిరుగుబాటు నాయకుడాయన. 1794కి వచ్చేసరికి కాలేజీ పెద్దలకి దడ పుట్టి సొసైటీతో గొడవ పెట్టుకున్నారు, చివరికి మళ్ళీ రానిస్తూ పెట్టిన షరతేంటో తెలుసా, ఇప్పటి రాజకీయాల మీద డిబేట్ పెట్టకూడదు అని. అంటే మీ ఇన్‌ఛార్జి గారి ఎర్ర పెన్నుకి పూర్వీకుడు దొరికాడన్నమాట.

కేంబ్రిడ్జి కథ ఇంకా బాగుంటుంది, రాత్రికి రాస్తాను, ఇప్పుడు ట్యూషన్ పిల్లలొచ్చారు.

అప్రస్తుత_ప్రసంగి
ఎందుకండీ డబ్లిన్ దాకా? మనకి భువనవిజయం లేదా, అవధానాలు లేవా, వాదాలు లేవా? డిబేట్ అనేది తెల్లవాళ్ళు నేర్పింది అన్నట్టు మాట్లాడతారేంటి.

గోదారిగట్టు
భువనవిజయం అంటే మా కాలేజీలో తెలుగు లెక్చరర్లు మీసాలు అతికించుకుని అష్టదిగ్గజాలుగా కూర్చోవడమే కదా. పెద్దన గారి మీసం పద్యం మధ్యలో ఊడిపోయి ఒళ్ళో పడింది, ఆయన దాన్ని తీసి ఉత్తరీయం కింద పెట్టుకుని పద్యం ఆపకుండా పూర్తి చేశాడు. చప్పట్లు దానికే కొట్టాం.

సెకండ్_బెల్
@అప్రస్తుత_ప్రసంగి పేరుకి తగ్గట్టే మాట్లాడారు. అవధానంలో పృచ్ఛకుడు అడుగుతాడు, అవధాని చెప్తాడు, గెలిచేది ఒక్కడి ధారణ. డిబేట్‌లో సభ ఓటేస్తుంది, నువ్వు ఎంత బాగా మాట్లాడినా ఓటు పడకపోతే ఇంటికే. రెండూ గొప్పవే గానీ రెండూ ఒకటి కాదు. ఇంకోటి, రాయల సభలో అధ్యక్షుణ్ణి మార్చమని తీర్మానం పెట్టగలవా?

అప్రస్తుత_ప్రసంగి
పెడితే రెండో తీర్మానం పెట్టడానికి తల ఉండదు. సరే ఒప్పుకుంటా, సగమే.

లెక్కలమాస్టారు
వచ్చా. కేంబ్రిడ్జిలో 1815లో మూడు చిన్న డిబేట్ క్లబ్బులు కలిసి యూనియన్ అయ్యాయి, కలిశాయి కాబట్టే ఆ పేరు. సొంత బిల్డింగూ లేదు పాడూ లేదు, రెడ్ లయన్ అనే సత్రం వెనక గదిలో మీటింగులు. 1817 మార్చిలో ఒక సాయంత్రం సభ నడుస్తుంటే యూనివర్సిటీ తరఫున ప్రాక్టర్లు వచ్చేశారు, మన భాషలో డిసిప్లిన్ కమిటీ. వైస్ ఛాన్సలర్ ఆర్డర్, అందరూ లేచి వెళ్ళిపోండి, ఇకనుంచి మీటింగులు వద్దు. ఆరోజు కుర్చీలో ఉన్నది విలియం వ్యూయెల్, ఇంగ్లీషులో సైంటిస్ట్ అన్న మాట పుట్టించింది ఈయనే. ఏమన్నాడని చెప్పుకుంటారంటే, "బయటివారు దయచేసి కాసేపు బయట ఉండండి, మీరు తెచ్చిన సందేశాన్ని సభ పరిశీలిస్తుంది" అన్నాడట! వచ్చింది పోలీసుల్లాంటి వాళ్ళు, వీడు వాళ్ళని విజిటర్లను చేసేశాడు. మూసేయడమైతే మూసేశారు. మళ్ళీ 1821లో తెరిచారు, షరతు మామూలే, ఇటీవలి రాజకీయాలు వద్దు, పాతవైతే పర్లేదు. ఇంకేముంది, పిల్లలు పాత రాజుల పేర్లు చెప్పి కొత్త మంత్రుల్ని తిట్టడం మొదలెట్టారు.

ఆక్స్‌ఫర్డ్‌ది 1823. గ్లాడ్‌స్టన్ 1830లో దానికి ప్రెసిడెంటు, తర్వాత దేశానికి నాలుగుసార్లు ప్రధాని.

నీలిసిరా
"సందేశాన్ని సభ పరిశీలిస్తుంది" 😂 రేపు మా మేడమ్‌తో అంటే నా ఇంటర్నల్ మార్కుల్ని ఆవిడ పరిశీలిస్తారు.

వాల్తేరు_ఎండ
కేంబ్రిడ్జి యూనియన్ అనగానే మనవాడి పేరు రాకపోతే ఎలా మాస్టారూ? కట్టమంచి రామలింగారెడ్డి గారు 1902లో సెయింట్ జాన్స్ కాలేజీలో చేరి ఆ యూనియన్‌కి ఉపాధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. ఇంచుమించు అవే రోజుల్లో, 1905లో, అధ్యక్షుడిగా చేసినవాడు ఎకనామిక్స్ పుస్తకాల్లో మనల్ని చంపుకుతినే కీన్స్. చిత్తూరు దగ్గర కట్టమంచి కుర్రాడు వెళ్ళి తెల్లదొరల పిల్లల చేత చేతులెత్తించుకున్నాడు. ఆయనే తర్వాత మా ఆంధ్రా యూనివర్సిటీకి 1926లో మొదటి వైస్ ఛాన్సలర్.

కానీ నాకు అంతకంటే ముఖ్యం అనిపించేది కేంబ్రిడ్జికి ముందు సంగతి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివేటప్పుడు అక్కడ ఆంధ్ర భాషాభిరంజని అని తెలుగు విద్యార్థుల సంఘం ఉండేది, సమర్థి రంగయ్య చెట్టి గారు తెలుగు పండితులు. 1899లో ఆ సంఘం కావ్య రచనకి పోటీ పెడితే పందొమ్మిదేళ్ళకి అటూ ఇటూ వయసున్న ఈయన రాసిందే "ముసలమ్మ మరణం". దేవుడు లేడు, రాజు లేడు, ఒక పల్లెటూరి కోడలు కథ. ఆధునిక తెలుగు కవిత్వం ఎక్కడ మొదలైందని కొట్టుకునేవాళ్ళు ఇప్పటికీ ఆ పుస్తకం దగ్గర ఆగి తీరాల్సిందే. అంటే ఒక కాలేజీ సంఘం, ఒక పోటీ, ఒక కుర్రాడు. సబ్బుపెట్టె కోసం రాసుంటే ఏమయ్యేదో.

అనంత_కరువు
మాది ఆ ఊరి పక్కనే సామీ. బుక్కరాయసముద్రం చెరువు, అనంతపురం నుంచి బస్సెక్కితే కూర్చునే లోపల వచ్చేస్తాది. కట్ట తెగిపోతాంటే ఊరు మునక్కుండా ఆ యమ్మ తనంతట తాను పోయి గండిలో నిలబడింది అని మా అవ్వ చెప్తాండె. పేరు ముసలమ్మ గానీ ముసలామె గాదు, చిన్నవయసు కోడలు. ఇప్పుటికీ ముసలమ్మ కట్ట అనే అంటాము. కాలేజీలో తెలుగు పాఠంలో వస్తే క్లాసంతా వేరే ఊర్లోళ్ళు, నేనొక్కణ్ణే "సార్, అది మా చెరువు" అని లేచి నిలబడితి. సారు కూర్చోబెట్టి, "నీ చెరువులో ఇప్పుడు నీళ్ళుండాయా?" అనె. లేవు సార్ అంటి.

సెకండ్_బెల్
^^ ఈ దారంలో ఇదే బెస్టు పోస్టు, నేను వెళ్ళిపోతున్నా.

ధూల్‌పేట_పతంగి
గిదంతా ఆంధ్ర, మద్రాసు ముచ్చటేనా? మా ఉస్మానియాల 1938ల హాస్టల్ పిల్లలు వందేమాతరం పాడితే వెళ్ళగొట్టిన్రు, వాళ్ళంత నాగపూర్ పోయి చదువుకున్నరు, పీవీ నరసింహారావు గూడ అండ్లనే. దాని ముందు మీ డిబేట్లు ఏపాటివి.

సెకండ్_బెల్
(వెళ్ళలేదు) అది గొప్ప పోరాటమే భయ్యా, కాదన్నోడెవడు, కానీ అది ప్రార్థన గొడవ, ఇక్కడ లిటరరీ సొసైటీల గురించి కదా.

ధూల్‌పేట_పతంగి
మాట్లాడనియ్యకుంటే పాడిన్రు. నాకైతే రెండు ఒక్కటే అనిపిస్తది.

లెక్కలమాస్టారు
పతంగి గారి మాట తీసిపారేయకండి. ఆయన చెప్పినట్టే రాజమండ్రిలో 1907 కథ. బిపిన్ చంద్ర పాల్ వచ్చి మాట్లాడి వెళ్ళాడు, పిల్లలు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని క్లాసులకొచ్చారు, ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ తీసేయమన్నాడు, తీయలేదు. ట్రైనింగ్ కాలేజీలో ఉన్న గాడిచర్ల హరిసర్వోత్తమరావుని బయటికి పంపేశారు. అప్పట్లో ఉపన్యాసం వినడం కూడా పరీక్షే.

మన దేశంలో అసలు మొదలు మాత్రం కలకత్తా. హిందూ కాలేజీలో డెరోజియో అని కుర్ర టీచరు, 1828లో అకడమిక్ అసోసియేషన్ పెట్టేనాటికి పందొమ్మిదేళ్ళు, అంటే శిష్యులకీ ఆయనకీ పెద్ద తేడా లేదు. మాణిక్‌తలాలో ఒక తోట ఇంట్లో మీటింగులు. టాపిక్‌లు చూడండి: విధి ఉందా మనిషి ఇష్టం ఉందా, దేవుడున్నాడా, విగ్రహారాధనలో పస ఉందా. 1831లో ఊళ్ళో పెద్దలంతా గోలపెట్టి ఆయన్ని ఉద్యోగంలోంచి పంపించేశారు, ఆ డిసెంబరులోనే కలరాతో పోయాడు, ఇరవై రెండేళ్ళు.

శిష్యులు ఊరుకోలేదు, 1838లో ఇంకో సభ పెట్టుకున్నారు. 1843 ఫిబ్రవరిలో దక్షిణారంజన్ ముఖర్జీ కంపెనీ వారి కోర్టులు, పోలీసుల మీద వ్యాసం చదువుతుంటే ప్రిన్సిపాల్ కెప్టెన్ రిచర్డ్‌సన్ లేచి, కాలేజీని రాజద్రోహుల అడ్డా చెయ్యనివ్వను అని అరిచాడు. కుర్చీలో ఉన్న తారాచంద్ చక్రవర్తి ఏమన్నాడంటే, మీరిక్కడ అతిథి, సభ మాది, అన్నమాట వెనక్కి తీసుకోండి. కాలేజీ హాల్లో కూర్చుని ప్రిన్సిపాల్‌కే చెప్పాడండీ! అక్కడ వ్యూయెల్ "బయటివారు" అన్నాడు, ఇక్కడ తారాచంద్ "అతిథి" అన్నాడు. చూశారా, సభ అని ఒకటి కుదిరాక కుర్చీలో కూర్చున్నవాడే పెద్ద.

టీకొట్టు_తత్వవేత్త
మా కాలేజీలో కుర్చీలో ఎవడు కూర్చోవాలో టెంట్‌హౌస్ వాడు డిసైడ్ చేసేవాడు. మూడే పంపేవాడు.

వందన_సమర్పణ
ఇందాకట్నించీ చూస్తున్నా, వాడు మాట్లాడాడు వీడు లేచాడు వీడు కుర్చీలో కూర్చున్నాడు. అమ్మాయిలెక్కడ? మీ ఆక్స్‌ఫర్డ్ యూనియన్‌లో ఆడవాళ్ళకి పూర్తి సభ్యత్వం 1963లో ఇచ్చారు, పెట్టి నూటనలభై ఏళ్ళు అయ్యాక. అదీ ఊరికే ఇవ్వలేదు, అంతకుముందు ఓటింగులు పెట్టి ఓడించారు కూడా. కేంబ్రిడ్జిలో మొదటి మహిళా ప్రెసిడెంటు 1967లో, ఆక్స్‌ఫర్డ్‌లో 1968లో. బెనజీర్ భుట్టో ఆక్స్‌ఫర్డ్ ప్రెసిడెంటు అయింది 1977లో.

నా సంగతి చెప్తా. తొంభైల్లో డిగ్రీ. లిటరరీ అసోసియేషన్‌లో మూడేళ్ళు ఉన్నా, మొదటి ఏడాది ప్రార్థన గీతం, రెండో ఏడాది జ్యోతి ప్రజ్వలనప్పుడు అగరబత్తీల పళ్ళెం పట్టుకోవడం, మూడో ఏడాది ప్రమోషన్, వందన సమర్పణ. డిబేట్‌కి పేరిస్తే "అమ్మాయిలకి వ్యాసరచన ఉంది కదమ్మా" అన్నారు. అందుకే ఈ పేరు పెట్టుకున్నా.

గోదారిగట్టు
అక్కా 🙏

నీలిసిరా
అక్కా మా దగ్గర ఇప్పటికీ వందన సమర్పణ అమ్మాయిదే. నేను ఇంతవరకూ గమనించనే లేదు, సిగ్గుగా ఉంది.

క్యారీ_కాకి
అమెరికా వైపు కూడా ఒక మాట. మేముండేది నార్త్ కరోలినా క్యారీలో, అంటే సగం గుంటూరు. మా అమ్మాయి చాపెల్ హిల్‌లో చదువుతోంది, మొన్న వెళ్తే న్యూ వెస్ట్, న్యూ ఈస్ట్ అని రెండు పాత బిల్డింగులు చూపించింది. ఒకదాన్లో డయలెక్టిక్ సొసైటీ హాలు, ఇంకోదాన్లో ఫిలాంత్రోపిక్ సొసైటీ హాలు, ముద్దుగా డై, ఫై. రెండూ 1795లో మొదలయ్యాయి, అంటే యూనివర్సిటీ పిల్లల్ని చేర్చుకున్న ఏడాదే. లోపల గోడల నిండా పాత మెంబర్ల నూనె రంగుల బొమ్మలు, అమెరికా ప్రెసిడెంటు పోక్ డై వాడే.

రాష్ట్రంలో పడమటి వైపు పిల్లలు డై, తూర్పు వైపు పిల్లలు ఫై అని ఆచారం పడింది, అచ్చం మన హాస్టళ్ళలో కోస్తా రూము సీమ రూము లాగా. డైకి నీలం రంగు, ఫైకి తెలుపు. ఇప్పుడు బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కి ఊరంతా వేసుకు తిరిగే కరోలినా నీలం తెలుపు అక్కణ్ణుంచి వచ్చిందే! నేను పదేళ్ళుగా ఆ టోపీ పెట్టుకుంటున్నా, డిబేట్ క్లబ్బు రంగు అని మొన్నే తెలిసింది.

ఇంకో సంగతి, ఆ కాలంలో ఈ సొసైటీలు చందాలేసుకుని సొంత లైబ్రరీలు పెట్టుకునేవి. కాలేజీ లైబ్రరీ అంటే లాటిన్, గ్రీకు, బైబిలు, అదీ వారానికి కొద్ది గంటలే తెరిచేవాళ్ళు, నవలలు, పత్రికలు కావాలంటే సొసైటీ గదికే పోవాలి. ఆలస్యంగా వస్తే ఫైను, తప్పు మాట అంటే ఫైను, ఆ ఫైన్లతో పుస్తకాలు. తర్వాత ఫ్రాటర్నిటీలు వచ్చాయి, ఆటలు వచ్చాయి, కాలేజీలే మంచి లైబ్రరీలు కట్టుకున్నాయి, చాలాచోట్ల సొసైటీలు ఎండిపోయాయి. డై ఫై మాత్రం కలిసిపోయి ఇంకా నడుస్తోంది.

అప్రస్తుత_ప్రసంగి
తిట్టినందుకు కట్టిన ఫైన్లతో లైబ్రరీ. మా బ్యాచ్‌కి ఆ రూలు ఉంటే ఈపాటికి మద్రాసు కొన్నెమరా లైబ్రరీ అయ్యేది.

గోదారిగట్టు
లైబ్రరీ అంటే గుర్తొచ్చింది, మా హాస్టల్లో లిఖిత పత్రిక ఉండేది. ఠావు కాగితాలు మడిచి, దబ్బనంతో కన్నాలు పెట్టి పురికొసతో కుట్టేవాళ్ళం. ఉన్నది ఒక్క కాపీ, రూము నుంచి రూముకి తిరిగేది, వెనక పేజీలో చదివినవాళ్ళు సంతకం పెట్టాలి. ఒక సంచికలో మెస్సు సాంబారు మీద సీసపద్యం వేశాం, తిరిగొచ్చేసరికి ఆ పేజీ మీద సరిగ్గా పద్యం చివర సాంబారు మరక. విమర్శ అంటే అదీ.

వాల్తేరు_ఎండ
ఆ సంచిక ఎవరి దగ్గరుంది ఇప్పుడు?

గోదారిగట్టు
మా వార్డెన్ పట్టుకెళ్ళాడు. సాంబారు మారలేదు.

చల్లమిరప
ఇంత కథ ఎందుకు గానీ, ఈ డిబేట్ల వల్ల ఎవడికి ఏమొరిగింది చెప్పండి. పిల్లలు అరుచుకుంటారు, చప్పట్లు, ఇంటికెళ్తారు. నేను హెచ్‌ఆర్‌లో ఉన్నా, డిబేట్ కప్పులున్నవాడు మీటింగులో ఎవర్నీ మాట్లాడనివ్వడు.

సెకండ్_బెల్
1933 ఫిబ్రవరి 9న ఆక్స్‌ఫర్డ్ యూనియన్‌లో "ఎట్టి పరిస్థితుల్లోనూ రాజు కోసం, దేశం కోసం ఈ సభ యుద్ధం చెయ్యదు" అని తీర్మానం పెడితే 275 మంది ఔనన్నారు, 153 మంది కాదన్నారు. పిల్లల ఓటే, కానీ దేశమంతా అట్టుడికిపోయింది, పిరికిపందలని ఎవరో పెట్టెడు తెల్లటి ఈకలు పంపారు. చర్చిల్ కొడుకు రాండోల్ఫ్ వచ్చి ఆ తీర్మానం రికార్డుల్లోంచి కొట్టెయ్యాలని పట్టుబడితే మళ్ళీ ఓటు పెట్టారు, 750కి 138తో చిత్తుగా ఓడిపోయాడు. ఒరిగిందో లేదో తెలీదు గానీ పట్టించుకోకుండా ఎవరూ ఉండలేకపోయారు.

ఆ తర్వాతి ఏడాదే ఆ యూనియన్‌కి మన బొంబాయి పార్సీ కుర్రాడు కరాకా ప్రెసిడెంటయ్యాడు, మొదటి భారతీయుడు.

వందన_సమర్పణ
1965లో కేంబ్రిడ్జిలో అమెరికా నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్ మాట్లాడింది యూట్యూబ్‌లో ఉంది చూడండి @చల్లమిరప. అమెరికా కల నల్లవాళ్ళ చెమట మీద కట్టిందా అన్నది టాపిక్, అవతల బక్లీ అని అక్కడి సంప్రదాయవాది. 544 కి 164తో బాల్డ్విన్ వైపే గెలిచింది. అరవడం లేదు, చెయ్యి ఊపడం లేదు, ఆయన మాట్లాడుతుంటే ఆ హాల్లో దగ్గు కూడా వినపడదు. అది కూడా నీ హెచ్‌ఆర్ లెక్కలో వేసుకో.

చల్లమిరప
చూశా. సరే. ఆయనైతే ఉద్యోగం ఇస్తా.

నీలిసిరా
ఇదంతా చదివాక నాకు వెలిగిందేంటంటే వాళ్ళెవరికీ ఇన్‌ఛార్జి లేడు. గది వాళ్ళే వెతుక్కున్నారు, చందా వాళ్ళే, ఫైను వాళ్ళే, మినిట్స్ పుస్తకం వాళ్ళే. మా క్లబ్బుకి పుస్తకమే లేదు, వాట్సాప్ గ్రూప్ ఉంది, అందులో అడ్మిన్ మేడమే. రేపు ఒక రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ కొని మొదటి పేజీలో తేదీ వేస్తున్నా. టాపిక్ సంగతి మాత్రం తేలలేదు.

లెక్కలమాస్టారు
కేంబ్రిడ్జి పిల్లల దారి పట్టు. పాతది అడుగు.

నీలిసిరా
అప్డేట్: "1817లో కేంబ్రిడ్జి యూనియన్‌ని మూసేయడం సబబే అని ఈ సభ భావిస్తోంది" అని రాసి పంపా. మేడమ్ చూసి "హిస్టరీనా, వెరీ గుడ్, పిల్లలకి జీకే పెరుగుతుంది" అని పచ్చ పెన్నుతో సంతకం పెట్టేశారు!!

టీకొట్టు_తత్వవేత్త
😂😂😂

ధూల్‌పేట_పతంగి
గట్లుండాలె బిడ్డా.

నీలిసిరా
ఇంకో చిక్కు. "సబబే" వైపు మాట్లాడ్డానికి ఒక్కడూ రావట్లేదు, అందరికీ వ్యూయెలే కావాలి.

లెక్కలమాస్టారు
నీ దగ్గర బాగా మాట్లాడేవాడికి అదే ఇవ్వు, లేకపోతే డిబేట్ కాదు భజన అవుతుంది. వాడికి పాయింటు కూడా ఇస్తున్నా, రాసుకో: 1817 మార్చిలోనే అక్కడ ప్రభుత్వం హేబియస్ కార్పస్‌ని, అంటే విచారణ లేకుండా జైల్లో పెట్టకూడదన్న హక్కుని, సస్పెండ్ చేసింది, ఫ్రెంచి విప్లవం చూసిన తరం ఇంకా బతికే ఉంది, పెద్దల భయం ఉత్తుత్తి భయం కాదు. పిల్లల్ని కాపాడ్డానికే మూశాం అని వైస్ ఛాన్సలర్ తరఫున వాదించమను. గట్టిగానే నిలబడుతుంది.

అనంత_కరువు
ప్రైజ్ ఏమిస్తాండారు?

నీలిసిరా
పుస్తకం. సబ్బుపెట్టె బ్యాన్.

వందన_సమర్పణ
వందన సమర్పణ ఎవరు?

నీలిసిరా
చీటీలు తీశాం అక్కా. సెకండ్ ఇయర్ మెకానికల్ అబ్బాయికి వచ్చింది, ఏం మాట్లాడాలో తెలీక వణుకుతున్నాడు.

వందన_సమర్పణ
అగరబత్తీల పళ్ళెం కూడా వాడికే ఇవ్వు.